యూఎస్‌బీ వైఫై అడాప్టర్ పెట్టినా నెట్ రావట్లేదా? ముందు ఎక్కడ ఆగిందో చూడండి

పాత డెస్క్‌టాప్‌కి వైఫై ఉండదు. రౌటర్ హాల్లో టీవీ పక్కన ఉంటుంది, కంప్యూటరేమో వెనక గదిలోనో మేడ మీదో ఉంటుంది, గోడకి కన్నం పెట్టి వైరు లాగుదామంటే ఇంటి ఓనరు ఒప్పుకోడు. అప్పుడు అందరూ చేసే పని ఒకటే, నాలుగైదు వందలు పెట్టి గోరంత యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఆర్డర్ పెట్టడం. అది మొదటి రోజే మొండికేస్తుంది, లేదా రెండు రోజులు బుద్ధిగా పనిచేసి మూడో రోజు మొదలుపెడుతుంది.

మా చుట్టాల్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఫోన్ నాకే వస్తుంది కాబట్టి ఈ బాపతువి చాలానే చూశాను. అందరూ అనే మొదటి మాట "డ్రైవర్ పోయినట్టుంది" అని (డ్రైవర్ అంటే ఆ పరికరాన్ని నడపడానికి కంప్యూటర్‌లో ఉండాల్సిన చిన్న సాఫ్ట్‌వేర్). తీరా చూస్తే సగానికి పైగా కేసుల్లో డ్రైవర్ బానే ఉంటుంది, పెట్టిన పోర్టో, పెట్టిన చోటో, రౌటర్‌లో సెట్టింగో తేడాగా ఉంటుంది. అందుకే డ్రైవర్ల జోలికి వెళ్ళేముందు ఎక్కడ ఆగిందో చూడమంటాను. కంప్యూటర్‌కి అడాప్టర్ కనిపించాలి, అడాప్టర్‌కి మీ వైఫై కనిపించాలి, రౌటర్ దాన్ని లోపలికి రానివ్వాలి, ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ని గుర్తుపట్టే నంబరు) ఇవ్వాలి, స్పీడ్ సంగతి ఆ తర్వాత. కింద చెప్పేవన్నీ విండోస్ 10, 11 వాడేవాళ్ళకి, లినక్స్ వాళ్ళకి చివర్లో రెండు ముక్కలు.

గుచ్చినా ఉలుకూ పలుకూ లేదు

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి పెట్టుకుని అప్పుడు అడాప్టర్ గుచ్చండి. ఆ లిస్టు ఒకసారి రిఫ్రెష్ అయినట్టు కదలాలి. కదల్లేదంటే కంప్యూటర్‌కి అక్కడొక వస్తువు ఉందనే తెలియలేదన్నమాట, దానికి డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా ఉపయోగం లేదు. ముందువైపు పోర్టులో పెట్టి ఉంటే తీసి సీపీయూ వెనక పోర్టులో పెట్టండి. ముందు పోర్టులు క్యాబినెట్ లోపల సన్నటి వైరుతో మదర్‌బోర్డుకి కలుస్తాయి, చవక క్యాబినెట్లలో ఆ వైరు లూజుగా ఉండటమో, కరెంటు సరిగ్గా అందకపోవడమో మామూలే. వెనక కూడా పలకలేదా, ఇంకో ల్యాప్‌టాప్‌లో పెట్టి చూడండి, అక్కడా అంతే అయితే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి.

లిస్టులో ఉంది కానీ పక్కన పసుపు గుర్తు ఉంటే దాని మీద డబుల్ క్లిక్ చేయండి, జనరల్ ట్యాబ్‌లో ఒక కోడ్ నంబర్ ఉంటుంది. 28 అంటే డ్రైవర్ లేదు. 22 అంటే ఎవరో డిసేబుల్ చేశారు (పసుపు గుర్తుకి బదులు కింది బాణం కనిపిస్తుంది), రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ కొడితే చాలు. 10 అంటే డ్రైవర్ ఉంది కానీ పరికరం స్టార్ట్ కాలేకపోతోంది, చాలాసార్లు సరిపోని డ్రైవర్ వేసినప్పుడు ఇది వస్తుంది. 43 అంటే అడాప్టరే తప్పు జరిగిందని చెప్పింది, విండోస్ దాన్ని ఆపేసింది. పోర్టు మార్చి, కంప్యూటర్ పూర్తిగా ఆపి మళ్ళీ వేసినా 43 పోకపోతే నేనైతే ఆ అడాప్టర్ మీద ఆశ వదిలేసుకుంటాను.

వైఫై రాలేదు గానీ కొత్తగా సీడీ డ్రైవ్ వచ్చింది

ఇది చూసి కంగారు పడేవాళ్ళు ఎక్కువ. చాలా అడాప్టర్లలో డ్రైవర్ లోపలే పెట్టి అమ్ముతారు, గుచ్చగానే అది ముందు సీడీ డ్రైవ్‌లా వేషం వేసుకుని వస్తుంది. ఆ డ్రైవ్ తెరిచి అందులోని సెటప్ నడిపితే డ్రైవర్ ఎక్కి అప్పుడు అసలు రూపం చూపిస్తుంది. సెటప్ అయినా సీడీగానే ఉండిపోతే దిస్ పీసీలో ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ కొట్టండి, అడాప్టర్ మాత్రం తీయకండి. కాసేపటికి వైఫై గుర్తు కనిపిస్తుంది.

నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ రావాలంటే నెట్ కావాలి

పెట్టెలో అరచేతిలో పట్టే చిన్న సీడీ ఒకటి ఇస్తారు, దాన్ని పెట్టడానికి ఈ రోజుల్లో సీడీ డ్రైవ్ ఎవరికుంది? ఫోన్‌ని ఛార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ దగ్గర ఉండే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోన్ వైఫైలో ఉంటే ఆ వైఫై నెట్టే కంప్యూటర్‌కి వస్తుంది, మొబైల్ డేటా కూడా ఖర్చు కాదు. కేబుల్ డేటా వెళ్ళేది అయి ఉండాలి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్ళతో ఆ టెథరింగ్ ఆప్షనే వెలగదు. అలా నెట్ ఇచ్చి విండోస్ అప్‌డేట్ నడిపితే చాలా అడాప్టర్లకి డ్రైవర్ దానంతటదే దిగుతుంది.

దిగకపోతే పెట్టె మీద పేరు చూసి వెతక్కండి. ఒకే మోడల్ పేరుతో వెర్షన్ 1లో ఒక చిప్, వెర్షన్ 2లో ఇంకో చిప్ పెట్టి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. డివైస్ మేనేజర్‌లో ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్ ట్యాబ్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే వీఐడీ, పీఐడీ అని రెండు కోడ్‌లు ఉంటాయి. చిప్ ఎవరిదో ఎక్కువసార్లు వీఐడీయే చెప్పేస్తుంది: 0బీడీఏ అయితే రియల్‌టెక్, 0ఈ8డీ అయితే మీడియాటెక్, 148ఎఫ్ అయితే పాత రాలింక్. పెద్ద కంపెనీల అడాప్టర్లలో మాత్రం ఆ కంపెనీ సొంత కోడ్ ఉండొచ్చు. ఆ రెండు కోడ్‌లు కలిపి వెతికితే సరైన డ్రైవర్ దొరుకుతుంది. "ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లూ" అనే సాఫ్ట్‌వేర్లు మాత్రం వద్దు, వాటిని తీసేయడానికి పట్టే టైమ్‌లో మూడు అడాప్టర్లు సెట్ చేయొచ్చు.

నిన్నటి దాకా బానే ఉండి విండోస్ అప్‌డేట్ తర్వాత ఆగిందా? డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ వెలిగి ఉందేమో చూసి నొక్కండి.

పక్కింటి వైఫైలన్నీ కనిపిస్తున్నాయి, మాది తప్ప

ముందు అడాప్టర్ ఏ రకమో చూడండి. 150 లేదా 300 ఎంబీపీఎస్ అని రాసి ఉన్న చవకవి దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనే (వైఫై వాడే రేడియో తరంగాల పట్టీ, 5 గిగాహెర్ట్జ్ ఇంకోటి) పనిచేస్తాయి, మీ రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ పేరు వేరుగా పెట్టి ఉంటే అది వీటికి ఎప్పటికీ కనిపించదు. పాడవలేదు, అంతే దాని శక్తి.

డ్యుయల్ బ్యాండ్ (2.4, 5 రెండూ పట్టేది) కొన్నా కనిపించట్లేదంటే రౌటర్ సెట్టింగ్స్‌లో ఛానల్ (ఆ బ్యాండ్‌లో వైఫై ప్రసారమయ్యే భాగం నంబరు) చూడాలి. మన దగ్గర 2.4లో 13వ ఛానల్ దాకా వాడొచ్చు, కానీ అమెరికా మార్కెట్‌కి సెట్ చేసిన అడాప్టర్లు 11 దగ్గరే ఆగిపోతాయి. రౌటర్ ఆటోలో ఉండి 12కో 13కో వెళ్ళి కూర్చుంటే ఇంట్లో ఫోన్లన్నిటికీ వైఫై ఉంటుంది, ఒక్క కంప్యూటర్‌కే ఉండదు. 1, 6, 11లో ఒకటి పెట్టేయండి. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్ళు రాడార్లతో పంచుకునేవి, కొన్ని అడాప్టర్లు వాటిని అసలు పట్టించుకోవు. 36 నుంచి 48 లోపో, 149 నుంచి 161 లోపో పెడితే కనిపిస్తుంది. ఇంకో సంగతి, ఈ రాడార్ ఛానళ్ళలో రౌటర్ మొదలయ్యేముందు కనీసం ఒక నిమిషం ఊరికే వింటుంది, రాడార్ లేదని తేలాకే వైఫై వదులుతుంది. కరెంటు పోయి వచ్చాక 5 గిగాహెర్ట్జ్ ఆలస్యంగా వస్తోందని ఫిర్యాదు చేసేవాళ్ళకి చాలాసార్లు కారణం ఇదే.

పాస్‌వర్డ్ కరెక్టే, అయినా కనెక్ట్ కాదు

సేవ్ అయిన పాత వివరాలు ముందు తీసేయండి, వైఫై పేరు మీద రైట్ క్లిక్ చేసి ఫర్గెట్ కొట్టి మళ్ళీ కొత్తగా కలపండి. కాకపోతే రౌటర్ సెక్యూరిటీ చూడండి. కొత్త రౌటర్లలో డబ్ల్యూపీఏ3 (వైఫైకి తాళం వేసే కొత్త పద్ధతి, దీని ముందుది డబ్ల్యూపీఏ2) మాత్రమే పెట్టి ఉంటే పాత అడాప్టర్లు, విండోస్ 7 కంప్యూటర్లు లోపలికి రాలేవు, విండోస్ 10లో కూడా 1903 వెర్షన్ నుంచే దానికి సపోర్ట్ ఉంది. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన ఆప్షన్ పెట్టండి, అప్పటికీ రాకపోతే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్. టీకేఐపీ అనేది మాత్రం పెట్టకండి, పాతది, భద్రత లేదు, పైగా వైఫై స్పీడ్ 54 ఎంబీపీఎస్ దాటదు. ఇవేవీ కాకపోతే రౌటర్‌లో ఎవరైనా మ్యాక్ ఫిల్టర్ (ఏ పరికరాన్ని రానివ్వాలో దాని సొంత నంబరు చూసి తేల్చే సెట్టింగ్) పెట్టారేమో అడగండి, పిల్లల ఫోన్లు ఆపడానికి పెట్టి మర్చిపోయిన నాన్నలు చాలామంది ఉన్నారు.

కనెక్టెడ్ అంటోంది, నెట్ లేదు

అదే వైఫైలో ఫోన్‌కి నెట్ వస్తోందా చూడండి, రాకపోతే అడాప్టర్‌ని తిట్టి లాభం లేదు. ఫోన్‌కి వస్తుంటే కంప్యూటర్‌లో వైఫై ప్రాపర్టీస్ తెరిచి ఐపీవీ4 అడ్రస్ చూడండి. 169.254తో మొదలైతే రౌటర్ అడ్రస్ ఇవ్వలేదు, కంప్యూటర్ సొంతంగా ఒకటి పెట్టుకుంది. రౌటర్ ఒకసారి ఆపి వేయండి, కంప్యూటర్‌లో ఐపీ సెట్టింగ్ ఆటోమేటిక్ డీహెచ్‌సీపీలో (అడ్రస్ రౌటరే ఇచ్చే పద్ధతి) ఉందో లేదో చూడండి. ఆఫీసు నుంచి తెచ్చుకున్న సిస్టమ్‌లలో పాత ఐపీ చేత్తో టైప్ చేసి ఉంటుంది, గొడవంతా దానితోనే. అడ్రస్ బానే ఉండి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్ఎస్ (సైటు పేరుని దాని అడ్రస్‌గా మార్చి చెప్పే సర్వర్) 8.8.8.8 గానో 1.1.1.1 గానో మార్చి చూడండి.

పాత డెస్క్‌టాప్ వాళ్ళు తేదీ కూడా చూసుకోండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత సీఆర్2032 బ్యాటరీ అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది, బ్రౌజరేమో ప్రతి సైటూ సురక్షితం కాదంటుంది. చిన్న బ్యాటరీతో పోయేదానికి అడాప్టర్ మార్చినవాళ్ళని చూశాను.

వస్తుంది, పోతుంది, స్పీడ్ లేదు

అసలు తలనొప్పి ఇదే. రాజమండ్రిలో మా పిన్నివాళ్ళింట్లో కంప్యూటర్‌కి సాయంత్రమైతే వైఫై తెగిపోయేది, పగలంతా శుభ్రంగా ఉండేది. ఫోన్లో రెండు గంటలు డ్రైవర్లు మార్పించాను, నాకే సిగ్గేసింది. పండక్కి వెళ్ళినప్పుడు చూస్తే సంగతి అర్థమైంది. సాయంత్రం పిల్లలు స్కూల్ నుంచి వచ్చి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టి సినిమాలు చూస్తారు, అది అడాప్టర్ పక్క పోర్టులోనే ఉంది. యూఎస్‌బీ 3 పరికరాలు, వాటి కేబుళ్ళు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో రొద చేస్తాయి, ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పేపర్ రాసింది. పక్కనే గోరంత అడాప్టర్ ఉంటే దానికి రౌటర్ మాట వినపడదు. వైర్‌లెస్ మౌస్ కూడా ఇలాగే ఎగురుతూ నడుస్తుంది. మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని అడాప్టర్‌ని టేబుల్ మీదికి తెచ్చాం, ఇప్పటిదాకా మళ్ళీ ఫోన్ రాలేదు.

ఈ కేబుల్‌తో ఇంకో లాభం కూడా ఉంది. సీపీయూ టేబుల్ కింద, గోడవైపు వీపు తిప్పి ఉంటుంది, అడాప్టర్‌కీ రౌటర్‌కీ మధ్య ఇనప డబ్బా అడ్డం. పక్కన బీరువా ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

పది నిమిషాలు కదపకపోతే పోయి, మౌస్ కదిపితే వచ్చే రకం ఇంకోటి, అది పవర్ సేవింగ్. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదాకి ఈ పరికరాన్ని ఆపొచ్చు అనే టిక్కు తీసేయండి. ఆ ట్యాబ్ లేకపోతే పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి.

స్పీడ్ విషయంలో మాత్రం అడాప్టర్ పెట్టె మీది అంకెని నమ్మి నెట్ కంపెనీవాళ్ళతో గొడవకి వెళ్ళకండి. 150 అనేది వెడల్పాటి 40 మెగాహెర్ట్జ్ ఛానల్ దొరికితే వచ్చే లింక్ స్పీడ్, అపార్ట్‌మెంట్లో ఇరవై వైఫైల మధ్య ఛానల్ 20 మెగాహెర్ట్జ్‌కి కుదించుకుని ఆ స్పీడ్ 72 అవుతుంది, అందులో డౌన్‌లోడ్‌కి సుమారు సగం మిగులుతుంది. 100 ప్లాన్ తీసుకుని 40 దగ్గర ఆగితే లోపం ప్లాన్‌ది కాదు. డ్యుయల్ బ్యాండ్ అయితే డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ప్రిఫర్డ్ బ్యాండ్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి, రౌటర్ అదే గదిలోనో పక్క గదిలోనో ఉంటే తేడా వెంటనే తెలుస్తుంది. రెండు గోడలు దాటితే మళ్ళీ 2.4నే నయం.

ల్యాప్‌టాప్‌లో ఉన్నట్టుండి వైఫై గుర్తే మాయమైతే కొత్తది కొనేముందు షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని వదలండి. ఎన్నోసార్లు దీనితోనే తిరిగొచ్చింది.

లినక్స్ వాళ్ళు రియల్‌టెక్ చిప్ కొంటే కెర్నల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) వెర్షన్ చూసుకోండి, 6.2 నుంచి చాలా యూఎస్‌బీ చిప్‌లకి లోపలే డ్రైవర్ వచ్చింది. అంతకంటే పాతదాంట్లో ఉంటే మీడియాటెక్ ఎంటీ7612యూ చిప్ ఉన్నది కొనుక్కోవడం ప్రాణానికి సుఖం, గుచ్చితే పనిచేస్తుంది.

కొత్తది కొనాల్సే వస్తే డ్యుయల్ బ్యాండ్, బయటికి యాంటెన్నా ఉన్నది చూడండి, దానితోపాటే ఆ మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్ కూడా కార్ట్‌లో వేసుకోండి.