చవక స్ట్రోబ్ లైట్లు: కొనేటప్పుడు, వాడేటప్పుడు జాగ్రత్తలు

తక్కువ ధర స్ట్రోబ్‌తో, అంటే స్టూడియోలో వాడే పెద్ద ఫ్లాష్ లైటుతో, మంచి ఫొటోలు రావన్నది అపోహ. ముఖం మీద వెలుగు మెత్తగా పడాలంటే సాఫ్ట్‌బాక్స్ (లైటు ముందు తగిలించే, వెలుగుని పరిచే గుడ్డ పెట్టె) పెద్దదై ఉండాలి, మనిషికి దగ్గరగా ఉండాలి. లైటు ఖరీదుతో దానికి పనిలేదు. చవక లైటు దగ్గర భయపడాల్సింది ఫొటో గురించి కాదు, కరెంటు గురించి, వేడి గురించి, స్టాండు గురించి.

కొనేటప్పుడు అందరూ ముందు చూసేది వాట్-సెకన్లు, అంటే ఒక్కో ఫ్లాష్‌లో వాడే శక్తి. మామూలు గదిలో ఒకరిద్దరిని తీయడానికి 200 నుంచి 300 చాలు. అంతకంటే పెద్దది తెస్తే, పవర్ బాగా తగ్గించినా వెలుగు ఎక్కువైపోయి ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) పెద్దగా తెరవలేని పరిస్థితి వస్తుంది. అందుకే పవర్ ఎంత పైకి వెళ్తుందో కాదు, ఎంత కిందికి దిగుతుందో అడగండి. ఫ్లాష్ ట్యూబ్ (ఫ్లాష్ వెలిగే గాజు గొట్టం) మనమే మార్చుకోగలమా, బోవెన్స్ మౌంట్ (సాఫ్ట్‌బాక్స్‌లాంటివి తగిలించడానికి చాలా కంపెనీలు వాడే బిగింపు) ఉందా, ప్లగ్‌కి ఎర్త్ పిన్ ఉందా అన్నవీ చూడండి. గోడ ప్లగ్‌తో నడిచే లైటుకి ఎర్త్ లేకపోతే, అది ఎంత చవకగా వచ్చినా నేను వద్దనే అంటాను.

సెకండ్‌హ్యాండ్‌లో పాత లైటు దొరికితే సింక్ కేబుల్‌ని (కెమెరా క్లిక్‌తో పాటు ఫ్లాష్ వెలిగించే వైరు) నేరుగా కెమెరాకు గుచ్చకండి. కొన్ని పాత స్ట్రోబ్‌ల సింక్ సాకెట్‌లో 200 వోల్టులకు పైగా ఉంటుంది, డిజిటల్ కెమెరాలోని సర్క్యూట్ కాలిపోవచ్చు. వైర్‌లెస్‌గా ఫ్లాష్ వెలిగించే రేడియో ట్రిగ్గర్ పెడితే లైటుకీ కెమెరాకీ మధ్య వైరే ఉండదు. అయితే ఆ వోల్టేజీని లైటుకి తగిలించే ట్రిగ్గర్ రిసీవర్ తట్టుకుంటుందో లేదో కూడా చూసుకోవాలి.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది కెపాసిటర్ గురించి, అంటే ఫ్లాష్‌కి కావాల్సిన కరెంటుని నిలవ చేసే భాగం గురించి. స్ట్రోబ్ లోపల అది వందల వోల్టుల చార్జిని దాచుకుంటుంది. ప్లగ్ పీకేసినా ఆ చార్జి వెంటనే పోదు. మనిషి ప్రాణం తీయగలదు. లైటు పాడైతే స్క్రూలు విప్పి చూడొద్దు, తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి. ట్యూబ్ మార్చాలంటే ముందు పవర్ తగ్గించి, టెస్ట్ బటన్ నొక్కి, స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగండి. కొత్త ట్యూబ్‌ని, హాలోజన్ బల్బుని కూడా, గుడ్డతో పట్టుకోండి. వేలి జిడ్డు అంటుకున్న చోట గాజు వేడికి దెబ్బతింటుంది.

చాలా చవక లైట్లలో మోడలింగ్ ల్యాంప్ (ఫ్లాష్ వెలుగు ఎక్కడ పడుతుందో ముందే చూపించడానికి ఆరకుండా వెలిగే బల్బు) బాగా వేడెక్కే హాలోజన్ బల్బు. రవాణా కోసం పెట్టిన ప్లాస్టిక్ మూత తీయకుండా స్విచ్ వేస్తే మూత కరిగిపోతుంది. వెలుగు రంగు మార్చే జెల్ కాగితం, గుడ్డ బల్బుకు తగలకూడదు. ఫుల్ పవర్‌లో ఆపకుండా కొట్టకండి, మధ్యలో చల్లారనివ్వండి.

స్టాండు ఒక కాలు సరిగ్గా లైటు బరువు ఉన్న వైపుకి తిప్పి, దాని మీద ఇసుక సంచి వేయండి. బూమ్ (లైటుని పక్కకి చాచి పట్టే అడ్డ కడ్డీ) కడితే రెండో చివరన సమతూకానికి బరువు తప్పనిసరి. నడిచే దారిలో ఉన్న వైరుని టేపుతో నేలకి అంటించండి. పిల్లలున్న షూట్‌లో ఇది ఎంత చేసినా తక్కువే.

నెలల తరబడి వాడని లైటుని తీయగానే ఫుల్ పవర్‌లో కొట్టొద్దు. అతి తక్కువ పవర్‌లో గంటసేపు ఆన్‌లో ఉంచి, అప్పుడప్పుడు ఒక ఫ్లాష్ కొడుతూ మెల్లగా పెంచండి. పక్కనే ఉండండి. మాడు వాసన వచ్చినా, బుస్సుమన్నా ప్లగ్ పీకేయండి.