కుడి గుండెకు పంపు పెట్టాలంటే మీనమేషాలు లెక్కపెట్టకండి

పోయిన వారం హైదరాబాద్‌లో ఒక ఐసీయూలో కుడి జఠరికకు (ఊపిరితిత్తులకు రక్తం పంపే గుండె కింది గదికి) తాత్కాలిక పంపు పెట్టినా పేషెంట్ దక్కలేదు. పంపులో లోపం లేదు. పెద్ద బావగారు కరీంనగర్ నుంచి రావాలంటూ సంతకం రాత్రంతా ఆగింది.

సంతకానికి ముందు

కుడివైపు చేతులెత్తేస్తే ఊపిరితిత్తులకు రక్తం అందదు. అటు నుంచి రక్తం రాకపోతే ఎడమవైపు ఎంత గట్టిగా ఉన్నా ఒంటికి ఏం పంపుతుంది? వెనక నిలిచిపోయిన రక్తం ఒత్తిడికి కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి. మూత్రం తగ్గింది, లాక్టేట్ (ఒంటికి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) పెరుగుతోంది అని డాక్టర్ చెబుతున్నారంటే ‘ఇంకో పూట చూద్దాం’ అనకండి. నేను చూసిన కుటుంబాలను ముంచింది ఈ ఒక్క మాటే. అవయవాలు పాడయ్యాక పెట్టిన పంపు రక్తాన్ని తిప్పుతుంది గానీ, పోయిన కిడ్నీని తెచ్చివ్వలేదు.

ఎడమవైపు పంపు పెట్టించుకోవడానికో, పెద్ద గుండె ఆపరేషన్‌కో వెళ్తున్నారా? కుడివైపుకూ అవసరం పడొచ్చా అని ముందే అడగండి. పేషెంట్ స్పృహలో ఉండగానే ఆయన మాట తెలుసుకోండి. గుండె తేరుకోకపోతే తర్వాతేమిటో కూడా అడగాలి. ఈ పంపు కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాల ఆసరా. గుండె మార్పిడే దారి అయితే, ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు కావాలి.

బ్లడ్ థిన్నర్లు, ఆస్పిరిన్, నాటుమందు, ఏది వాడుతున్నా డాక్టర్ దగ్గర దాచొద్దు.

పంపు పెట్టాక

కుడి కర్ణిక (గుండె పై గది) నుంచో తొడ సిర నుంచో ఒక గొట్టం రక్తాన్ని తీస్తే, మంచం పక్కనున్న పంపు దాన్ని పుపుస ధమనిలోకి (ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళంలోకి) తోస్తుంది. గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, అందుకే రక్తస్రావం భయం. దాతలను ముందే చూసిపెట్టుకోండి. ఫ్లో (పంపు తోసే రక్తం) పెంచరేమని నర్సుతో గొడవ వద్దు. మరీ పెంచితే ఊపిరితిత్తుల్లోకే రక్తం దిగొచ్చు.

గొట్టాలు ముట్టుకోవద్దు. దుప్పటి మీరు సర్దొద్దు, మెలిక పడితే ఫ్లో పడిపోతుంది. పంపు ప్లగ్గుల్లో ఫోన్ ఛార్జర్ పెట్టొద్దు. స్కానింగ్‌కు తీసుకెళ్తుంటే దారివ్వండి, లిఫ్ట్‌లో ఎక్కొద్దు. మూత్రం నల్లబడినట్టు కనిపిస్తే వెంటనే చెప్పండి. మానిటర్ ఫొటోలు వాట్సాప్‌లో తిప్పొద్దు. నిర్ణయం ఒక్కరిదే; ఆ ఒక్కరు రాత్రి ఆస్పత్రిలోనే ఉండాలి. రక్తం ఆగక ఛాతీ మళ్లీ తెరవాలని అర్ధరాత్రి పిలవొచ్చు. అప్పుడూ ‘పొద్దున చూద్దాం’ అనొద్దు. పంపు తీయడానికీ చాలాసార్లు థియేటర్‌కే తీసుకెళ్తారు, ఆ రోజూ సంతకం చేసే మనిషి అక్కడే ఉండాలి.