గోదావరి డెల్టా నుంచి రాజస్థాన్ ఎడారి వైపు ఇల్లు మారడం ఎలా?

భడ్లా సోలార్ పార్కు, బాడ్‌మేర్ ఆయిల్ బావులు, పచ్‌పద్రా రిఫైనరీ, జోధ్‌పూర్‌లో ఎయిమ్స్, ఐఐటీ, ఎయిర్‌ఫోర్స్. ఇలా ఏదో ఒక ఉద్యోగం మీద అమలాపురం, భీమవరం, తణుకు వైపు నుంచి పశ్చిమ రాజస్థాన్‌కి సంసారం మార్చాల్సి వస్తే ఇంట్లో అందరూ ముందు అడిగేది ఎండల గురించే. ఎండలు నిజమే. జోధ్‌పూర్‌కి ఎగువన ఉన్న ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. అయితే రాజమండ్రి ఎండలు చూసినవాళ్లకి వేడి పూర్తిగా కొత్త కాదు. కొత్తగా ఉండేది గాలిలో చెమ్మ లేకపోవడం. మన డెల్టాలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకి పైగా వాన పడుతుంది, జైసల్మేర్‌లో 200కి అటూ ఇటూ. మన ఒళ్లు, చెక్క సామాను, వంట అన్నీ చెమ్మకి అలవాటు పడ్డవే. అందుకే ఎప్పుడు వెళ్లాలి, ఏ ఇల్లు తీసుకోవాలి, ఏం పట్టుకెళ్లాలి అన్నవన్నీ నీళ్లని బట్టి తేల్చుకోమని చెబుతాను.

సంక్రాంతి అయ్యాక కదలండి

పండగ చేసుకుని, జనవరి చివర్లోగానీ ఫిబ్రవరిలోగానీ వెళ్లడం అన్నిటికంటే మంచిది. ఆ నెలల్లో అక్కడ రాత్రిళ్లు బాగా చలి, పగలు హాయి. మార్చి, ఏప్రిల్ మీదుగా వేడి మెల్లగా పెరుగుతుంది కాబట్టి ఒంటికి అలవాటయ్యే టైమ్ దొరుకుతుంది. నేరుగా మే నెలలో దిగితే అలవాటు పడటానికి కనీసం ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లోనే సామాను దించుకోవడం, గ్యాస్ కనెక్షన్, స్కూళ్ల తిరుగుడు అన్నీ మీద పడతాయి. అక్టోబర్, నవంబర్ అక్కడ బాగానే ఉంటుంది కానీ మన దగ్గర తుపాన్ల కాలం. తడి గాలిలో ప్యాక్ చేసిన పరుపులు లారీలో రోజుల తరబడి మగ్గితే బూజు పట్టి చేరతాయి.

పిల్లల చదువు వల్ల వేసవిలోనే వెళ్లక తప్పకపోతే ఉద్యోగం ఉన్నవాళ్లు ముందు వెళ్లి ఇల్లు సిద్ధం చేసి, మిగతావాళ్లని తర్వాత పిలిపించుకోండి. కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి నేరుగా రైలు ఉంది. పెద్దవాళ్లు ఉంటే అది తేలిక.

ఇల్లు చూసేటప్పుడు నీళ్ల గురించి అడగండి

మన వైపు అద్దెకి వెళ్తే గాలి వస్తుందా, గోడలు చెమ్మ పడతాయా అని చూస్తాం. అక్కడ ముందు అడగాల్సినవి వేరు. మున్సిపాలిటీ నీళ్లు రోజూ వస్తాయా, రోజు విడిచి రోజా? నేల కింద ట్యాంకు ఉందా, అందులో ఎన్ని రోజులకి సరిపడా నిలవ ఉంటుంది? అది ఎన్ని వాటాలకి కలిపి? బోరు నీళ్లయితే రుచి ఎలా ఉంది? ఈ మాటలు ఇంటి ఓనర్‌ని అడిగి ఊరుకోకుండా కింద వాటాలో ఉండేవాళ్లని కూడా అడగండి. నీళ్ల సంగతి దాచకుండా చెప్పేది వాళ్లే.

జోధ్‌పూర్‌కి ముఖ్య ఆధారం ఇందిరా గాంధీ కాలువ. పంజాబ్‌లోని హరీకే బ్యారేజీ దగ్గర సట్లెజ్, బియాస్ నీళ్లు అందుకుని ఎడారిలోకి వస్తుంది. మన ధవళేశ్వరం కాలువల్లాగే దాన్ని కూడా ఏటా వేసవి వేళ మరమ్మతులకి కట్టేస్తారు. నహర్‌బందీ అంటారు అక్కడ. ఆ రోజుల్లో కుళాయి నీళ్లు తగ్గిపోతాయి, ట్యాంకర్ల కోసం జనం పోటీ పడతారు. కాలువలు కట్టేసే ముందు మన ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుకుంటాం కదా, అలాగే ఇంటి ట్యాంకు కడిగించి, నింపి పెట్టుకోవాలి. తేదీలు ముందే పేపర్లో వేస్తారు.

తర్వాత నీళ్ల నాణ్యత. కాలువ నీళ్లు ఫర్వాలేదు. బోరు, ట్యాంకర్ నీళ్లలో ఉప్పు ఎక్కువగా ఉండొచ్చు. రాజస్థాన్‌లో చాలా చోట్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ కూడా ఉంది. తాగే నీళ్లలో టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మొత్తం) లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలన్నది మన దేశపు ప్రమాణం. చేతిలో పట్టే టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కుని వెళ్లండి. ఫ్లోరైడ్ సంగతి మాత్రం ఆ మీటర్ చెప్పదు, ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. నీళ్లు కాచుకుంటే సరిపోతుందని కొందరి నమ్మకం. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బోరు మీదే ఆధారపడే ఇల్లయితే ఆర్ఓ ఫిల్టర్ తప్పనిసరి.

ఇంకో రెండు విషయాలు. పై అంతస్తు వాటా చవగ్గా వస్తుందని తీసుకోకండి. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఇసుకరాయితో మందపాటి గోడలు కట్టిన పాత ఇల్లు దొరికితే, చూడ్డానికి పాతగా ఉన్నా, అదే తీసుకోండి. రెండోది, అక్కడ శాకాహారులైన ఓనర్లు ఎక్కువ. చేపలు వండుకుంటామన్న మాట అడ్వాన్సు ఇవ్వక ముందే చెప్పేయండి.

ఏం పట్టుకెళ్లాలి, ఏం వదిలేయాలి

చెక్క సామాను గురించి బాగా ఆలోచించాలి. మన ఇళ్లలో మంచాలు, బీరువాలు చెమ్మ పీల్చుకుని ఉంటాయి. వానాకాలంలో తలుపులు బిగుసుకుపోయేది అందుకే. అదే చెక్క ఎడారి గాలికి ఎండి కుంచించుకుపోతుంది. జిగురు పెట్టిన అతుకులు వదులవుతాయి, పలకలు చీలతాయి. కాబట్టి మామూలు మంచాలు, డైనింగ్ టేబుల్ ఇక్కడే అమ్మేయండి. జోధ్‌పూర్ ఫర్నిచర్‌కి పేరున్న ఊరు, అక్కడి గాలిలో ఆరిన చెక్కతో చేసినవి అక్కడే దొరుకుతాయి. తాతలనాటి టేకు మంచం వదల్లేకపోతే పట్టుకెళ్లండి. అడుగు భాగంతో సహా అన్ని వైపులా మైనం పాలిష్ పెట్టించండి. కూలర్‌కి ఎదురుగా, ఎండ పడే కిటికీ పక్కన వేయకండి. పగులు కనిపించగానే మేకు కొట్టించొద్దు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచి చెక్క స్థిరపడ్డాక వడ్రంగిని పిలవండి.

వీణ, మృదంగం ఉన్న ఇళ్లవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రెండూ పనస చెక్కవే. తీగలు కాస్త వదులు చేసి ప్యాక్ చేయండి. అక్కడికి వెళ్లాక పెట్టెలో చిల్లులున్న సబ్బు డబ్బా ఒకటి పెట్టి, అందులో తడిపి గట్టిగా పిండిన స్పాంజి ముక్క ఉంచండి. అది ఆరిపోయినప్పుడల్లా మళ్లీ తడపాలి. మే నెలలో అది రోజుకే ఎండిపోతుంది. గాలి ఎంత చెమ్మ లాగేస్తోందో ఆ స్పాంజి చూస్తేనే తెలుస్తుంది.

పరుపులు, పుస్తకాలు, పట్టుచీరలు రెండు రోజులు మంచి ఎండలో వేశాకే కట్టండి. నూలు చీరలు ధారాళంగా తీసుకెళ్లండి. మన దగ్గర గంజి పెట్టిన బండారులంక చీర మధ్యాహ్నానికి మెత్తబడిపోతుంది, అక్కడ రాత్రి వరకు నిలుస్తుంది. దుప్పట్లు, రజాయిలు మాత్రం అక్కడే కొనండి, చలికి తగ్గవి వాళ్ల దగ్గరే ఉంటాయి.

కడియం నర్సరీ మొక్కలు లారీ ఎక్కించాలని చాలామందికి ఆశ. క్రోటన్లు, ఫెర్న్‌లు ఆ వడగాలికి ఆకులు మాడి పోతాయి, వాటిని ఎవరికైనా ఇచ్చేయండి. కరివేపాకు, మల్లె తీసుకెళ్లొచ్చు. నీడ పట్టు, రోజూ నీళ్లు ఉంటే బతుకుతాయి.

కాగితాల పని పెద్ద కష్టం కాదు. బండిని ఏడాదికి మించి అక్కడ ఉంచితే రాజస్థాన్ రిజిస్ట్రేషన్ చేయించాలి, దానికి ఇక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. ఫారం 28తో బయల్దేరే ముందే తీసుకోండి. డ్రైవింగ్ లైసెన్స్ దేశమంతా చెల్లుతుంది. ఓటు మార్చుకోవడానికి ఫారం 8.

మొదటి నెల ఒంటిని కనిపెట్టుకుని ఉండండి

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. కాకినాడలో ఉక్కపోతకి చొక్కా తడిసిపోతే, దాహం వేయకపోయినా నీళ్లు తాగాలని గుర్తొస్తుంది. జోధ్‌పూర్‌లో చెమట పట్టగానే ఆరిపోతుంది. చర్మం పొడిగానే ఉంటుంది కాబట్టి చెమటే పట్టలేదు, బాగానే ఉన్నామనుకుంటాం. సాయంత్రానికి నల్ల చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తే ఎంత నీరు పోయిందో అర్థమవుతుంది. దాహం కోసం ఆగకుండా గంట గంటకీ తాగండి. మూత్రం రంగు చూసుకోవడం అన్నిటికంటే సులువైన లెక్క. లేత పసుపు ఉంటే సరే, ముదురైతే నీళ్లు చాలనట్టు. కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఎండలో తిరిగొచ్చిన రోజు ఉప్పు వేసిన మజ్జిగ గానీ ఓఆర్ఎస్ గానీ తాగండి. బీపీకి మూత్రం ఎక్కువయ్యే మాత్రలు వాడే పెద్దవాళ్లుంటే బయల్దేరే ముందే డాక్టర్‌తో మాట్లాడండి. ఆస్తమా ఉన్నవాళ్ల విషయంలోనూ అంతే. చెమ్మ, బూజు బాధ తగ్గినా దుమ్ము బాధ మొదలవుతుంది.

పిల్లలకి ముక్కు నుంచి రక్తం వస్తే టెన్షన్ పడొద్దు. ముక్కు లోపలి పొర ఎండి చిట్లడం వల్ల అలా అవుతుంది. తల వెనక్కి వంచడం మన ఇళ్లలో అలవాటు, అది తప్పు. రక్తం గొంతులోకి దిగుతుంది. కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకి వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని వదలకుండా 10 నిమిషాలు పట్టుకోండి. అరగంటకీ ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. రోజూ సెలైన్ చుక్కలు వేస్తుంటే మళ్లీ రావడం తగ్గుతుంది. స్నానం అవగానే, ఒళ్లు తడి ఆరక ముందే కొబ్బరినూనె రాయండి.

ఎండలో ఉన్న మనిషి మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా, ఒళ్లు కాలిపోతున్నా వడదెబ్బే అనుకోండి. నీడకి చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయండి.

కిటికీలు, కూలర్, వంటిల్లు

డెల్టాలో పగలంతా కిటికీలు తీసి ఉంచుతాం. అక్కడ పొద్దున్న తొమ్మిదికల్లా మూసి, తెరలు దించేయాలి. పొద్దుపోయాక గాలి చల్లబడగానే అన్నీ తెరవాలి. ఏసీకి డబ్బు పెట్టే ముందు కూలర్ కొనండి. నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని లాక్కుంటుంది. మన దగ్గర గాలి అప్పటికే చెమ్మతో నిండి ఉంటుంది కాబట్టి కూలర్ పెట్టినా జిడ్డే మిగులుతుంది. అక్కడి పొడి గాలిలో అది అద్భుతంగా పనిచేస్తుంది, ముక్కుకి, చర్మానికి కావలసిన తేమ కూడా ఇస్తుంది. గదికి అవతలి వైపు కిటికీ కొద్దిగా తీసి ఉంచాలి, లేకపోతే చల్లదనం ఉండదు. ఆర్ఓ నుంచి వదిలే నీళ్లు కూలర్‌లో పోయకండి, ఉప్పు పేరుకుని ప్యాడ్లు త్వరగా మూసుకుపోతాయి. ఆ నీళ్లతో గచ్చు తుడుచుకోండి. జూలై, ఆగస్టులో వానలు వచ్చినప్పుడు కూలర్ బలం తగ్గుతుంది. ఏసీ కావాలో వద్దో ఆ నెలలు చూశాక తేల్చుకోవచ్చు.

వేసవిలో పడమటి ఆకాశం గోధుమ రంగుకి తిరిగితే ఆంధీ, అంటే దుమ్ము తుపాను, వస్తోందని అర్థం. వెంటనే కిటికీలు వేసి, ట్యాంకు మూత చూసి, తలుపు సందుల్లో తడిగుడ్డ కుక్కండి. బండి మీద ఉంటే ఆపేయండి.

వంటింట్లో మొదటి తేడా కందిపప్పు దగ్గర తెలుస్తుంది. ఉప్పునీళ్లలో ఎన్ని విజిల్స్ వచ్చినా గింజ మెదగదు, తాగే నీళ్లతోనే ఉడికించండి. ఇడ్లీ పిండి మే నెలలో కొన్ని గంటలకే పులిసిపోతుంది, జనవరి చలిలో తెల్లారినా పొంగదు. చలికాలంలో గిన్నెని గోరువెచ్చటి నీళ్ల పళ్లెంలో పెట్టి దుప్పటి చుట్టండి. వడియాలు, ఊరమిరపకాయలు ఒకటి రెండు రోజుల్లో గలగలలాడేలా ఎండుతాయి, కాబట్టి ఏడాదికి సరిపడా అక్కడే పెట్టుకోవచ్చు. డాబా మీద పెడితే దుమ్ము పడకుండా పల్చటి గుడ్డ కప్పండి. ఆవకాయ బూజు పట్టే భయం తక్కువ కానీ జాడీ మూత వదులుగా ఉంటే పైన ఎండిపోతుంది, నూనె తేలి ఉండేలా చూసుకోండి. తాజా కొబ్బరికాయకి ధర ఎక్కువే. వెళ్లేటప్పుడు ఎండు కొబ్బరి కురిడీలు ఒక సంచీడు వేసుకోండి, ఆ గాలిలో అవి నెలల తరబడి చెడవు.