మొక్కు ఎగ్గొట్టిన మీనోసు: గ్రీకు కథను బుర్రకథగా కట్టే పద్ధతి

బడి వార్షికోత్సవానికి గ్రీకు కథ అనగానే ట్రాయ్ గుర్రమో, హెరాక్లీసు పన్నెండు సాహసాలో గుర్తొస్తాయి. రెండూ వద్దు. ట్రాయ్ కథలో పేర్లు చెప్పేసరికే అరగంట అవుతుంది. హెరాక్లీసు పనులు ఒకదాని వెంట ఒకటి చెబితే చిట్టా చదివినట్టే ఉంటుంది. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా పశువుల విలువ తెలిసిన జనానికి ఇట్టే అందే కథ క్రీటు దీవి రాజు మీనోసుది. అందులో ఎద్దు ఉంది, మొక్కు ఉంది, ఆ మొక్కు ఎగవేత ఉంది.

కథను ఎద్దుతల మనిషిని చంపిన ఏథెన్సు వీరుడు థీసియసు పుట్టుక దగ్గర ఎత్తుకోవద్దు, మొక్కు దగ్గర ఎత్తుకోండి. సింహాసనం తనదేనని నిరూపించుకోవడానికి మీనోసు సముద్ర దేవుడు పొసైడను‌ను ఒక ఎద్దు అడిగాడు, వచ్చిన ఎద్దును ఆయనకే బలిస్తానన్నాడు. అలల్లోంచి ఎద్దు లేచొచ్చింది. చూడగానే మీనోసుకు చెయ్యి రాలేదు. దాన్ని తన మందలో కలుపుకుని, వేరే ఎద్దును బలిచ్చి చేతులు దులుపుకున్నాడు. ఇక్కడ కథకుడు నిదానించాలి. మూపురం, గంగడోలు, పొట్టి కొమ్ములు, నడక అన్నీ మన గిత్తను చెప్పినట్టే చెప్పాలి. బండలాగుడు పోటీల్లో మంచి జత కనబడితే లేచి నిలబడేవాళ్లకు మీనోసు ఆశ వివరించక్కర్లేదు. దేవుడికి అచ్చేసి వదిలిన ఆంబోతును దొడ్లో కట్టేసుకున్నాడంటే చాలు, తప్పేమిటో ముసలివాళ్లే పక్కవాళ్లకు చెబుతారు. (క్రీటుకు ఎద్దు సముద్రంలోంచి వస్తే, మనది సముద్రం దాటి పోయింది. ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో ఇక్కడి పశువులు ఓడలెక్కాయి. బ్రెజిల్‌లో ఆ జాతిని నేటికీ ‘నెలోరె’ అనే పిలుస్తున్నారు. హాస్య వంతకు, అంటే పక్కన నిలబడి నవ్వించేవాడికి, ఇది మంచి మాట.)

పేర్లు ఆరు మించకూడదు: మీనోసు, పొసైడను, డెడలసు (చిక్కుకోట కట్టిన శిల్పి), అరియాడ్ని (థీసియసుకు దారపు ఉండ ఇచ్చిన మీనోసు కూతురు), థీసియసు, ఏజియసు (థీసియసు తండ్రి). చివర అచ్చు లేకపోతే పాటలో గొంతు తెగుతుంది, అందుకే ‘మీనోస్’ అనకుండా ‘మీనోసు’ అనండి. మీనోసు రాణికి పుట్టి, చిక్కుకోటలో పెరిగిన మినోటారును ‘ఎద్దుతల మనిషి’ అంటే చిన్నపిల్లలకూ అందుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది దేవుళ్లకు మన పేర్లు తగిలించడంలో. పొసైడను అంటే వరుణుడు, జ్యూసు అంటే ఇంద్రుడు అన్నారంటే సభలో సగం మంది కథ వదిలేసి పోలికల్లో పడతారు. హేడిసును యముడనడం ఇంకా తప్పు. హేడిసు పాతాళానికి రాజే గానీ తీర్పరి కాదు. అక్కడ తీర్పు చెప్పేవాళ్లు ముగ్గురు: రాడమాంథసు, ఈకసు, చచ్చిపోయాక మన మీనోసు! మొక్కు తప్పినవాడు న్యాయాధికారి ఎలా అయ్యాడని పిల్లలు అడిగి తీరతారు. అడగనివ్వండి.

జట్టుకు ముగ్గురు. మధ్యలో తంబురాతో కథకుడు, వేళ్లకు అందెలు. అటూ ఇటూ గుమ్మెటలతో రాజకీయ వంత, హాస్య వంత. అడుగు నాలుగు లెక్కకు పడుతుంది కాబట్టి పాట కూడా నాలుగు మాత్రల ముక్కలుగా, పాదానికి నాలుగు ముక్కలు వచ్చేలా కట్టండి:

క్రీటూ దీవిన మీనోసు రాజు — తందాన తాన
కడలీ గట్టున చేతులు మోడ్చీ — తందాన తాన
పంపుము సామీ గిత్తను నాకూ — తందాన తాన
పంపిన గిత్తనె బలియిస్తానూ — తందాన తాన

మూడో పాదంలో ‘దయచేసి పంపించవయ్యా’ లాంటిది ఇరికిస్తే మాత్రలు పెరిగి, వంతలు తాళం అందుకోలేక ఆగిపోతారు. పదం అందంగా ఉందని ఉంచొద్దు, లెక్క తప్పితే తీసేయండి.

మొత్తం 25 నిమిషాలు. మొక్కుకు 6, ఎద్దుతల బిడ్డ పుట్టుకకు 2, ఏథెన్సు కప్పానికి 5, చిక్కుకోటకు 8, తెరచాపకు 4. రాణి పాసిఫే ఎద్దును మోహించిందన్న భాగం బడిలో చెప్పలేం. అలాగని తప్పు ఆమె మీదకు నెట్టొద్దు. ‘రాజు తప్పుకు దేవుడు రాణిని దెబ్బకొట్టాడు, ఎద్దు తలతో బిడ్డ పుట్టాడు’ అంటే అబద్ధమూ కాదు, అసభ్యమూ కాదు.

కప్పం భాగం రాజకీయ వంతది. బలివ్వని ఆ ఎద్దునే హెరాక్లీసు తన ఏడో పనిగా పట్టుకుపోయి వదిలేస్తే, అది ఏథెన్సు దగ్గరి మారథాను చేరింది. అక్కడ అది మీనోసు కన్నకొడుకునే పొడిచి చంపిందని ఒక కథనం. కొడుకు చావుకు ఏథెన్సు మీద యుద్ధం, ఓడినందుకు ఎద్దుతల మనిషికి ఆహారంగా ఏడుగురు కుర్రాళ్లు, ఏడుగురు అమ్మాయిలు కప్పం. ఏటేటా అని కొందరు, తొమ్మిదేళ్లకోసారి అని పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్కు. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా మార్చకండి. ఆ కప్పపు కుర్రాళ్లలో ఒకడిగా వచ్చినవాడే థీసియసు.

అసలు పనంతా చిక్కుకోటలో ఉంది. అట్టలతో గోడలు కట్టొద్దు, వెనక వరసకు కనబడవు. నేల మీద ముగ్గు వేయండి. మీనోసు రాజధాని క్నోసోసు పాత నాణేల మీద ఉన్న బొమ్మ అచ్చంగా మన ముగ్గు పద్ధతిలోనే వస్తుంది. మధ్యలో కూడిక గుర్తు గీయండి. దాని చుట్టూ చదరానికి నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు. ప్రతి చుక్కకూ కూడిక గుర్తుకూ మధ్య ఒక మూలమట్టం గీత, దాని మూల మధ్యలోకి తిరిగి ఉండాలి, రెండు చేతులూ కూడిక చేతులకు సమాంతరంగా బయటికి. ఇప్పుడు కూడిక పైకొసను దాని కుడిపక్క కొసతో చిన్న కమానుగా కలపండి. తర్వాత ఎడమన మిగిలిన మొదటి కొస నుంచి, ఆ కమాను మీదుగా, కుడిన మిగిలిన మొదటి కొసకు. అలా ఎడమన ఒకటి, కుడిన ఒకటి వరసగా దిగుతూ పోవాలి, చుక్క కూడా ఒక కొసే. ఎనిమిదో కమాను కూడిక కింది కొసకు చేరితే ముగ్గు సరిగా వచ్చినట్టు. లోపల ఏడు చుట్ల దారి ఏర్పడుతుంది. దారి అడుగు వెడల్పు రావాలంటే పదహారు అడుగుల చదరం చోటు కావాలి. గీతల ఎడం మొదటినుంచీ సమంగా లేకపోతే ఐదో కమాను దగ్గరికొచ్చేసరికి దారి మూసుకుపోతుంది, అందుకే ముందు పలక మీద రెండుసార్లు వేసి చూడండి.

ఈ ముగ్గులో దారి ఒక్కటే, తప్పిపోయే సందే లేదు. ‘ఏందబ్బయా, దారి ఒకటే అయితే దారమెందుకు?’ అని హాస్య వంత చేత అడిగించండి. కథలో చెప్పే కోట వేరు, నాణెం మీద గీసిన కోట వేరు అని కథకుడు నవ్వుతూ ఒప్పుకుంటే సరిపోతుంది. పద్మవ్యూహం మాట ఇక్కడ తప్పకుండా రావాలి. ద్రోణపర్వాన్ని తెలుగులోకి తెచ్చిన తిక్కన నెల్లూరువాడే కదా! అభిమన్యుడికి లోపలికి వెళ్లడం తెలుసు, బయటికి రావడం తెలీదు. థీసియసుకూ తెలీదు, కానీ అరియాడ్ని దారపు ఉండ ఇచ్చింది.

ఆ ఉండకు సన్న నూలు పనికిరాదు. ఎర్ర ఊలు 40 మీటర్లు తీసుకుని, ఒక కొస పందిరి గుంజకో, బరువైన స్టూలు కాలికో కట్టండి. మైకు స్టాండుకు కడితే రెండో చుట్టులోనే మైకు పడుతుంది. ఏడు చుట్లకు 40 మీటర్లు చాలవు, మూడు చుట్లు నడిచాక ‘అలా ఏడు చుట్లు’ అని పాటతో దాటేయండి. ఉండను బిగించి చుడితే లాగినప్పుడు ఎగిరి జనంలో పడుతుంది. పోరాటం పిడికిళ్లతోనే చేయించండి, థీసియసు ఉట్టిచేతులతోనే చంపాడని ఒక కథనం ఎలాగూ ఉంది. బొమ్మకత్తి చేతికిస్తే ముగ్గు తొక్కేస్తారు.

ఆఖర్న ‘కాబట్టి పిల్లలూ’ అని నీతి ఎత్తుకోవద్దు. గ్రీకుల ‘హ్యూబ్రిస్’కు మన దగ్గర కళ్లు నెత్తికెక్కడం అనే మాట ఉంది, దాన్ని మీనోసు మందలో ఎద్దును కలుపుకున్నప్పుడే ఒకసారి అనేసి వదిలేయండి. గెలిచిన థీసియసు కూడా నిప్పులాంటివాడేం కాదు. ప్రాణం కాపాడిన అరియాడ్నిని నాక్సోసు దీవిలో వదిలేసి పోయాడు. దాన్ని దాచి అతణ్ణి ఆదర్శవీరుణ్ణి చేస్తే తెరచాప ఘట్టం అతకదు.

ఆ ఘట్టానికి రెండు గుడ్డలు, నల్లదీ తెల్లదీ, చెరి రెండు మీటర్లు. బతికొస్తే తెల్లది ఎత్తుతానని తండ్రి ఏజియసుకు చెప్పిన మాట థీసియసు మరిచిపోతాడు, నల్లది చూసి తండ్రి దూకేస్తాడు. ఏజియన్ సముద్రం పేరు అలా వచ్చిందంటారు. రెండు గుడ్డలూ ఒకే పిల్లవాడి చేతికిస్తే కంగారులో తెల్లది ఎత్తేస్తాడు, సభ చప్పట్లు కొడుతుంది, ఏజియసు గట్టు మీద ఏం చేయాలో తోచక నిలబడిపోతాడు. తెల్లది వేదిక వెనక పెట్టెలోనే ఉంచి తాళం వేయండి.