విద్యార్థులు చిన్న శాస్త్రీయ పరిశోధనను ఎలా చేయాలి?

విద్యార్థుల పరిశోధన ప్రాజెక్టులు చాలావరకు ప్రశ్న దగ్గరే దారి తప్పుతాయి. పరికరాలు సమకూర్చుకోవడానికి వెచ్చించే సమయంలో సగమైనా ప్రశ్నను సానబెట్టడానికి కేటాయిస్తే మిగిలిన పని తేలికవుతుంది.

1. కొలవగలిగే ప్రశ్న వేసుకోండి

దారానికి గుండు కట్టి వేలాడదీస్తే అటూ ఇటూ ఊగే లోలకాన్నే తీసుకోండి. “లోలకం ఎలా పనిచేస్తుంది?” అనే ప్రశ్నకు ఎన్ని పేజీలు రాసినా జవాబు పూర్తికాదు. “దారం పొడవు మారితే లోలకం ఒకసారి ఊగి రావడానికి పట్టే సమయం ఎంత మారుతుంది?” అని అడిగితే ఏది మార్చాలో, ఏది కొలవాలో ఆ ప్రశ్నలోనే తెలిసిపోతుంది. ఆ విషయం గురించి ఇప్పటికే తెలిసినదేమిటో పాఠ్యపుస్తకాల్లో ఒకసారి చూసుకోండి.

2. పరికల్పనను ముందే రాసిపెట్టండి

ప్రయోగం మొదలుపెట్టకముందే మీ ఊహను తేదీతో సహా నోటుపుస్తకంలో రాసి, ఎలాంటి ఫలితం వస్తే అది తప్పని ఒప్పుకుంటారో కూడా దాని కిందే రాయండి. “గుండు బరువు పెరిగితే లోలకం త్వరగా ఊగుతుంది” అని చాలామంది అనుకుంటారు. కొలిచి చూస్తే తేడా కనిపించదు. ఊహ తప్పిందంటే ప్రయోగం విఫలమైనట్టు కాదు.

3. ఒకసారికి ఒక్కదాన్నే మార్చండి

ఈ నియమం వినడానికి సులువుగా ఉన్నా పాటించడం కష్టం. గుండు బరువు ప్రభావాన్ని చూడాలని చిన్న గుండు తీసి పెద్దది కట్టారనుకోండి. లోలకం పొడవును వేలాడదీసిన చోటు నుంచి గుండు మధ్యబిందువు వరకు లెక్కించాలి కాబట్టి, దారం అదే అయినా పొడవు మీకు తెలియకుండానే మారిపోతుంది.

ఇటలీ వైద్యుడు ఫ్రాన్సెస్కో రెడీ 1668లో ప్రచురించిన ప్రయోగం ఈ జాగ్రత్తకు చక్కటి ఉదాహరణ. కుళ్లిన మాంసం నుంచే పురుగులు పుడతాయని ఆ కాలంలో నమ్మేవారు. రెడీ కొన్ని పాత్రలను తెరిచి ఉంచి, కొన్నింటిని గట్టిగా మూసివేయగా, తెరిచిన వాటిలోనే పురుగులు కనిపించాయి. మూసిన పాత్రల్లోకి ఈగలతోపాటు గాలి కూడా వెళ్లలేదు కాబట్టి, గాలి ఆడకపోవడమే కారణమని ఎవరైనా వాదించవచ్చు. అందుకే ఆయన మరికొన్ని పాత్రలకు పలుచటి వలగుడ్డ కట్టారు. గాలి ఆడినా ఈగలు దూరలేకపోవడంతో ఆ మాంసంలో పురుగులు పుట్టలేదు.

4. కొలతలను మళ్లీ మళ్లీ తీసుకోండి

ఒక మీటరు పొడవున్న లోలకం ఒకసారి ఊగి రావడానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను అటూ ఇటూ అయితే, అది మొత్తంలో పదోవంతు పొరపాటు. 20 డోలనాలకు, అంటే 20సార్లు ఊగి రావడానికి, పట్టిన సమయాన్ని కొలిచి 20తో భాగిస్తే అదే పొరపాటు 0.01 సెకనుకు తగ్గిపోతుంది. లెక్కను “ఒకటి” నుంచి కాకుండా “సున్నా” నుంచి మొదలుపెట్టండి. లేకపోతే 19 డోలనాలకే ఆపేస్తారు.

గుండును ప్రతిసారీ ఒకే చిన్న కోణం నుంచి వదులుతూ 25, 50, 75, 100 సెంటీమీటర్ల పొడవుల దగ్గర మూడేసిసార్లు కొలవండి. ఏదైనా అంకె తేడాగా అనిపిస్తే చెరిపేయకుండా, చదవడానికి వీలుగా ఒక గీత మాత్రమే కొట్టి, కారణం పక్కన రాయండి. నచ్చని అంకెలను తీసేయడం మొదలుపెడితే అది పరిశోధన అనిపించుకోదు.

5. గ్రాఫ్ గీసి నివేదిక రాయండి

పొడవుకూ సమయానికీ గ్రాఫ్ గీస్తే వంపు రేఖ వస్తుంది. సమయానికి బదులు దాని వర్గాన్ని తీసుకుంటే బిందువులు దాదాపు ఒకే సరళరేఖ మీదికి వస్తాయి. పొడవు నాలుగు రెట్లయితే సమయం రెండు రెట్లవుతుందని దాన్నిబట్టి చెప్పవచ్చు. మీరు కొలిచిన పొడవుల పరిధి దాటి తీర్మానాలు చేయకండి. దారం రకం, గుండు బరువు, వదిలిన కోణం వంటి వివరాలన్నీ నివేదికలో ఉండాలి. దాన్ని మీ ప్రయోగం చూడని స్నేహితునికి ఇచ్చి, మిమ్మల్ని ఏమీ అడగకుండా అదే ప్రయోగం చేయమనండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఇంకో వాక్యం చేర్చండి.