2038 జనవరి 19 ఉదయం 8:44: పాత కంప్యూటర్లు నడిపేవాళ్లకు జాగ్రత్తలు

హైదరాబాద్‌లో జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి వైపు యూనిట్లలో ఎప్పుడో పెట్టిన కంప్యూటర్లు ఇంకా రోజూ పనిచేస్తుంటాయి. వాటిలో కొన్ని తేదీని తేదీగా దాచుకోవు. 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెట్టుకుంటాయి. ఆ లెక్కకు 32 బిట్లే (బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే చోటు) ఇచ్చిన చోట 2147483647 దాకానే పడుతుంది. మన టైం ప్రకారం 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8:44:07కి అది నిండుతుంది. మరుసటి సెకనుకి మైనస్‌లోకి తిరగబడి, తేదీ 1901 డిసెంబర్‌కి పోతుంది.

ఇంకా టైముందిలే అని వదిలేయొద్దు. ఇరవై ఏళ్ల హోమ్ లోన్ చివరి కిస్తీ, సర్టిఫికెట్ గడువు లాంటి ముందు తేదీలు రాసే సాఫ్ట్‌వేర్ ఇప్పుడే తప్పుతుంది. టెస్ట్ కాపీలో 2040 తేదీతో ఒక ఎంట్రీ వేసి, మళ్లీ తెరిచి చూడండి.

లినక్స్‌లో 'యునేమ్ -ఎమ్' కొడితే ఐ686 అని గానీ ఆర్మ్‌వీ7ఎల్ అని గానీ వస్తే అది 32 బిట్ సిస్టం. లినక్స్ మూల భాగమైన కర్నెల్ 5.6, ప్రోగ్రాములు ఆధారపడే లైబ్రరీ జీలిబ్‌సీ 2.34 వచ్చాక వీటిలోనూ 64 బిట్ టైం వాడొచ్చు, కాకపోతే ప్రోగ్రాములను ఆ సెట్టింగుతో మళ్లీ కంపైల్ చేయాలి (సోర్స్ కోడ్ నుంచి కొత్తగా తయారుచేయాలి). సిస్టం 64 బిట్ అయినా దాని మీద పాత 32 బిట్ ప్రోగ్రాము నడుస్తుండొచ్చు, అదీ వెతకండి. డిస్కులో ఐనోడ్ (ఒక్కో ఫైలు వివరాలు దాచే చోటు) సైజు 128 బైట్లు ఉంటే ఫైళ్ల తేదీలు 2038 దాటవు. బ్యాకప్ తీసి, 256తో కొత్తగా ఫార్మాట్ చేసి, డేటా తిరిగి ఎక్కించడమే మంచిది.

ఎక్కువ పని డేటాబేస్‌లోనే. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ కాలమ్ 2038 జనవరి 19తో ఆగిపోతుంది, డేట్‌టైమ్ 9999 దాకా వెళ్తుంది. టైమ్‌స్టాంప్‌ను డేట్‌టైమ్‌గా మార్చే ముందు సెషన్ టైమ్‌జోన్ +05:30 (మన టైం) ఉందో లేదో చూసుకోండి. లేకపోతే పాత రికార్డులన్నీ ఐదున్నర గంటలు వెనక్కి జరిగిపోవచ్చు. దానంతటదే టైం పడే సెట్టింగు ఉంటే మార్పు కమాండ్‌లో మళ్లీ రాయాలి, లేదంటే పోతుంది. సెకన్లను మామూలు ఇంట్ (32 బిట్) కాలమ్‌లో దాచినవాళ్లు బిగ్‌ఇంట్ (64 బిట్) చేయాలి. పెద్ద టేబుల్ అయితే దాని సైజుకు తగ్గ ఖాళీ డిస్కు కావాలి. కాలమ్ మార్చినా దాన్ని చదివే ప్రోగ్రాము 32 బిట్‌లోనే పట్టుకుంటే ఫలితం లేదు.

నడుస్తున్న సర్వర్‌లో గడియారం ముందుకు తిప్పి టెస్ట్ చేయొద్దు. ముప్పై రోజులు దాటిన ఫైళ్లు తీసేసే స్క్రిప్ట్ ఒక్కటి చాలు, ఉన్న బ్యాకప్‌లన్నీ తుడిచేస్తుంది. లైసెన్సులకీ గడువు తీరిపోతుంది. వర్చువల్ మెషీన్‌లో (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) కాపీ పెట్టి, నెట్‌వర్క్ తీసేసి, ఎన్‌టీపీనీ (నెట్‌వర్క్ ద్వారా గడియారం సరిచేసే ఏర్పాటు), హోస్ట్ టైం సింక్‌నూ (అసలు కంప్యూటర్ టైం దీనికి ఎక్కించే సెట్టింగు) ఆపి, గడియారం 2038 జనవరి 19 ఉదయం 8:40కి పెట్టండి. 8:44 దాటించి లాగిన్, బిల్లు, రిపోర్టు, రాత్రిపూట దానంతటదే నడిచే పని అన్నీ నడపండి. తర్వాత రీస్టార్ట్ చేయండి. నడుస్తున్నంతసేపు బాగుండి, రీస్టార్ట్‌లో పడిపోయేవీ ఉంటాయి.

ఎన్‌టీపీ సెకన్ల లెక్క ఇంకా ముందే, 2036 ఫిబ్రవరి 7 ఉదయం 11:58:16కి సున్నాకి తిరుగుతుంది. పాత రూటర్లు, టైం సర్వర్లకు అదీ చూడాలి.

తయారుచేసిన కంపెనీ మూతపడి, మార్చే దిక్కులేని యంత్రానికి ఒక దారి ఉంది. నెట్‌వర్క్ నుంచి విడదీసి గడియారాన్ని 28 ఏళ్లు వెనక్కి, అంటే 2038 బదులు 2010కి పెడితే వారాలు, లీపు సంవత్సరాలు సరిపోతాయి. బ్యాచ్ రికార్డుల్లో తేదీ వేసే మందుల యూనిట్లలో మాత్రం ఇది పనికిరాదు. అక్కడ యంత్రమే మార్చాలి.