విశాఖలో ఏ బీచ్‌కి వెళ్లాలి? ఎలా ఎంచుకోవాలి?

విశాఖపట్నం వచ్చినవాళ్లలో చాలామంది సామాను గదిలో పడేసి, ఆటో ఎక్కి, "ఆర్కే బీచ్" అంటారు. బయటి ఊళ్లకు తెలిసిన పేరు అదే కాబట్టి అలా అనడం సహజం. నిజానికి దక్షిణాన యారాడ నుంచి ఉత్తరాన భీమిలి దాకా ఉన్న తీరంలో ఏ రెండు చోట్లూ ఒకేలా ఉండవు. ఒకచోట హాయిగా కూర్చోవచ్చు, ఒకచోట నడవవచ్చు. కాళ్లు తడుపుకోవడానికి తగిన చోట్లు తక్కువే. అందుకే పేరుతో మొదలుపెట్టవద్దు. ముందు ఏం చేయాలనుకుంటున్నారో, తర్వాత వెంట ఎవరున్నారో, ఆ తర్వాత ఏ వేళకు వెళ్తారో చూసుకుంటే చోటు దానంతటదే తేలుతుంది.

1. నీళ్లలో దిగుతారా, లేదా?

ఈ ఒక్క ప్రశ్నను ఇంట్లోనే తేల్చుకోండి. అలలు చూశాక ఎవరూ ఆగరు, పిల్లలైతే అసలే ఆగరు.

ఆర్కే బీచ్ నీళ్లలో దిగే చోటు కాదు. ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది, అల దగ్గరికొచ్చి ఒక్కసారిగా విరుగుతుంది. తిరిగి పోయేటప్పుడు అరికాళ్ల కింద ఇసుకను తోడేసి మనిషిని పడగొడుతుంది. యారాడ చూపుకు ప్రశాంతంగా ఉన్నా ఈతకు అంతే ప్రమాదకరం. ఈ రెండు చోట్లా సముద్రం ఎన్నో ప్రాణాలు తీసింది, పోయినవాళ్లలో చదువుకునే కుర్రాళ్లు ఎక్కువ. ఇది రాస్తుంటే మనసు భారమవుతుంది కానీ, చెప్పకుండా వదిలేసే మాట కాదు.

తప్పక దిగాలనుకుంటే రుషికొండకు వెళ్లండి. 2020లో దేశం నుంచి మొదటి విడతగా బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఎనిమిది బీచ్‌లలో ఇదొకటి. నీటి నాణ్యత, పర్యావరణ నిర్వహణ, అవగాహన, భద్రతాసౌకర్యాలు పరీక్షించి ఆ గుర్తింపు ఇస్తారు. 2025 మొదట్లో కొన్నాళ్లు నిలిపివేసి, లోపాలు సరిదిద్దాక తిరిగి ఇచ్చారు. కాబట్టి జెండా పేరు విని ధీమా పడకుండా, ఆ రోజు లైఫ్‌గార్డులు ఉన్నారో లేదో మీరే చూసుకోండి. వాళ్లు చూపిన హద్దు లోపలే ఉండండి.

ఎక్కడ దిగినా ముందు పది నిమిషాలు గట్టు మీద నిలబడి నీళ్లను గమనించండి. అలలు వరుసగా తెల్లగా విరుగుతుంటే, వాటి మధ్య ఒక పాయ మాత్రం విరగకుండా, ముదురు రంగులో నిమ్మళంగా కనిపించవచ్చు. నిమ్మళంగా ఉంది కదా అని పిల్లల్ని దింపేది సరిగ్గా అలాంటి చోటే. ఒడ్డుకు చేరిన నీరు తిరిగి లోపలికి పరుగెత్తే దారి అది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. నురుగు, చెత్త సముద్రంలోకి కొట్టుకుపోతూ కనిపించినా, నీళ్లలో ఒక చార మట్టిరంగుకు తిరిగినా అదే గుర్తు.

అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకండి, ఎంత ఈతగాడికైనా రెక్కలు పడిపోతాయి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగండి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేక వేయండి. గట్టున ఉన్నవాళ్లు తొందరపడి దూకవద్దు. తాడో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసిరి, లైఫ్‌గార్డును పిలిచి, 112కు ఫోన్ చేయండి. ఈత రానివాళ్లు ఎక్కడైనా మోకాలి లోతు దాటకూడదు. మద్యం తాగినవాళ్లు నీళ్ల దగ్గరికే పోకూడదు.

2. వెంట ఎవరున్నారు?

పెద్దవాళ్లుంటే ఆర్కే బీచ్‌ను మించింది లేదు. చదునైన కాలిబాట ఉంది, కూర్చునే గట్లున్నాయి, దిగిన చోటే ఆటో దొరుకుతుంది, కాళీమాత గుడి పక్కనే. చేతిలో వేడివేడి మొక్కజొన్న పొత్తో, ఉల్లిపాయ, నిమ్మరసం దండిగా పట్టించిన మురీ మిక్చర్ పొట్లమో ఉంటే రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి.

చిన్నపిల్లలుంటే వుడా పార్కును కలుపుకోండి. బీచ్ రోడ్డు మీదే చెట్ల నీడ, ఆడుకునే చోటు ఉంటాయి. కాస్త పెద్ద పిల్లలకు కురుసుర జలాంతర్గామి చూపించండి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఈ జలాంతర్గామి 2002 నుంచి ఒడ్డునే ప్రదర్శనశాలగా ఉంది. లోపల దారి ఇరుకు, ఒక అర నుంచి మరో అరకు గుండ్రటి కంతల్లోంచి వంగి దూరాలి. నడుము నొప్పి ఉన్నవాళ్లు బయటే ఉండటం మేలు. సోమవారం సెలవు. రోడ్డుకు అవతల టీయూ-142 విమానం ఉంది.

సముద్రాన్ని ఊరికే చూస్తూ కూర్చోవాలనుకునేవాళ్లకు తెన్నేటి పార్కు చెబుతాను. కైలాసగిరి కింద, రాళ్ల మీద అలలు పగిలే చోటు అది. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి కొట్టుకొచ్చి ఇక్కడి ఒడ్డునే ఆగిపోయింది. మెట్లు దిగి రాళ్ల మీదికి వెళ్తే పచ్చగా పాచి పట్టిన రాయి మీద కాలు పెట్టకండి. ఫొటో కోసం సముద్రానికి వీపు తిప్పి అసలే నిలబడకండి. పైనుంచి తీరమంతా ఒకేసారి చూడాలంటే కైలాసగిరికి రోప్‌వే ఉంది.

జనం వద్దనుకుంటే యారాడ. మూడువైపులా కొండలు, ఒకవైపు సముద్రం. సింధియా మీదుగా వెళ్లి కొండ దాటి దిగాలి, సొంత బండి ఉంటే సుఖం. చీకటి పడకముందే తిరుగు ప్రయాణం పెట్టుకోండి.

3. ఏ వేళకు వెళ్తారు?

ఇది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం కొండల వెనక్కి దిగిపోతాడు. సముద్రంలో సూర్యాస్తమయం చూద్దామని వస్తే నిరాశే. ఉదయమే అసలైన వేళ: జూన్‌లో అయిదున్నరకు ముందే, జనవరిలో ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు కాబట్టి నడకకు ఇంకా బాగుంటుంది.

ఆటుపోట్లు కూడా చూసుకోండి. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ఆ వేళ ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ. పిల్లలు ఇసుకగూళ్లు కట్టుకోవాలంటే ఆటు వేళకు వెళ్లండి.

పాత ఫొటోలు చూసి ఇసుక ఎంత వెడల్పుందో అంచనా వేయకండి. దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకొచ్చే ఇసుకకు ఔటర్ హార్బర్ కట్టలు అడ్డం పడుతున్నాయి. పోర్టులో తవ్వితీసిన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోస్తూ ఉండాల్సి వస్తోంది. నిరుడు వెడల్పుగా కనిపించిన చోట ఈ ఏడు అల రోడ్డు గట్టునే తాకవచ్చు.

4. బయల్దేరే ముందు సముద్రం ఎలా ఉందో కనుక్కోండి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎక్కడో దూరాన లేచిన గాలికి ఇక్కడ అలలు ఎగసిపడవచ్చు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు గురించి ముందస్తు హెచ్చరికలు ఇస్తుంది, ఫోనులో చూసుకోవచ్చు. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారని వింటే ఆ రోజు కైలాసగిరితో సరిపెట్టుకోండి.

5. పూటంతా ఖాళీ ఉంటే

భీమిలి రోడ్డు పట్టండి. సిటీ బస్సులున్నాయి. దారిలో తొట్లకొండ బౌద్ధ క్షేత్రం, ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. దిబ్బల మీదికి ఎక్కి తొక్కకండి, వేల ఏళ్లుగా గాలీ వానా మలిచిన మట్టి అది, ఇట్టే రాలిపోతుంది. భీమిలిలో లైట్‌హౌస్, డచ్చివారి సమాధులు చూసి, ఒడ్డున కూర్చోండి. గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర మాత్రం నీళ్లలో దిగవద్దు. అక్కడ లోతు రోజుకో తీరుగా మారుతుంది.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అవి కనిపిస్తే టార్చి వేయకండి, ఫ్లాష్‌తో ఫొటో తీయకండి, కుక్కలను దూరంగా తరమండి. గుడ్లు పెట్టిన చోటు కనిపిస్తే ముట్టుకోకుండా గుర్తుపెట్టుకుని అటవీశాఖకు చెప్పండి.